మూవ్ చేస్తే ఒకటి, కాపీ చేస్తే ఇంకోటి: ఫైల్ సర్వర్ పర్మిషన్లతో నా అనుభవం

మా ఆఫీసు ఫైళ్లన్నీ విండోస్ ఫైల్ సర్వర్ మీదికి చేరి ఏళ్లయింది. వేగం గురించి, బ్యాకప్ గురించి నాకు పేచీ లేదు. నా గొడవంతా ఇన్‌హెరిటెన్స్‌తోనే. పై ఫోల్డర్‌కి ఇచ్చిన పర్మిషన్లు కిందివాటికి వాటంతటవే దిగుతాయని కొత్తలో తెగ మెచ్చుకున్నాను. ఫోల్డర్లు కదలనంత కాలం ఆ మెప్పు చెల్లుతుంది.

అకౌంట్స్ వాళ్లు ఆడిట్ ఫోల్డర్‌ని కట్ చేసి, అందరూ వాడే ఫోల్డర్‌లో పేస్ట్ చేశారు. వాళ్లకి చక్కగా తెరుచుకుంటోంది. మిగతావాళ్లకి అసలు కనబడనే కనబడదు. 'యాక్సెస్ డినైడ్' అని వచ్చినా ఎక్కడ వెతకాలో తెలిసేది. కానీ యాక్సెస్ బేస్డ్ ఎన్యూమరేషన్ అనే సర్వర్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మనకు అనుమతి లేని ఫోల్డర్ పేరు కూడా చూపించదు. ఎవరో డిలీట్ చేసేశారని, బ్యాకప్ తియ్యమని ఒకటే గోల.

ఆ ఫోల్డర్ పర్మిషన్లు వివరంగా చూపించే అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ విండో తెరిచి చూస్తే, 'ఇన్‌హెరిటెడ్ ఫ్రమ్' గడిలో పై ఫోల్డర్ పాత్ ఉండాల్సిన చోట ఉత్త 'పేరెంట్ ఆబ్జెక్ట్' అని ఉంది. ఏ పేరెంటో చెప్పదు! ఒకే వాల్యూమ్‌లో (అంటే ఒకే డ్రైవ్‌లో) మూవ్ చేస్తే, విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ పాత పర్మిషన్లనే వెంటబెట్టుకొస్తుంది. కాపీ చేస్తేనే కొత్త చోటివి వస్తాయి. ఇంతకన్నా చికాకు ఇంకోటుంది. ఎప్పుడో ఎవరో పై ఫోల్డర్ పర్మిషన్లు ముట్టుకుంటారు. అప్పుడు కొత్తవి కిందికి దిగి, అప్పటిదాకా తెరవగలిగినవాళ్లకి తలుపు మూసుకుపోవచ్చు. ఎప్పుడో చేసిన మూవ్‌కీ, ఇప్పుడు మూసుకున్న తలుపుకీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది?

చివరికి పర్మిషన్లు మార్చే విండోస్ కమాండ్ ఐక్యాకల్స్ (icacls) రీసెట్‌తో దారికొచ్చింది. కాకపోతే అది విడిగా ఇచ్చిన పర్మిషన్లనీ తుడిచేస్తుంది. అందుకే ముందు అదే కమాండ్‌కి సేవ్ స్విచ్ తగిలించి పర్మిషన్లన్నీ ఒక ఫైల్లోకి తీసిపెట్టుకోవాలి. రీస్టోర్ చేసేటప్పుడు ఆ ఫోల్డర్‌ని కాదు, దాని పై ఫోల్డర్‌ని చూపించాలి.

నాకు నిజంగా నచ్చింది 'ఎఫెక్టివ్ యాక్సెస్' ట్యాబ్. యూజర్ పేరిస్తే చాలు, ఏది చేయగలరో ఏది చేయలేరో చెప్పేస్తుంది. అయితే గ్రూపులో కొత్తగా చేర్చిన మనిషికి అది పచ్చజెండా ఊపినా, ఆయన లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయ్యేదాకా ఫోల్డర్ తెరుచుకోకపోవచ్చు. ఆ మధ్యలో వచ్చే ఫోన్లకి జవాబు మనమే చెప్పుకోవాలి.

మాది చిన్న ఆఫీసు, గ్రూపులూ తక్కువే కాబట్టి నాకు సరిపోతోంది. రోజూ ఫోల్డర్లు అటూ ఇటూ జరిపే టీములుండి, సర్వర్ చూసుకోడానికి ప్రత్యేకంగా మనిషి లేనిచోట మాత్రం విండోస్ ఫైల్ సర్వర్‌నే పెట్టుకోమని గట్టిగా చెప్పలేను.