స్టెమ్‌సెల్ క్యాప్సూళ్ళు: పసుపు వరకు సరే, మూలుగ మాట నమ్మొద్దు

‘రక్త మూల కణాలను పెంచుతుంది’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పసుపు, మిరియాలు, గ్రీన్ టీ సారాల క్యాప్సూళ్ళకు మా రేటింగ్ ఐదుకు రెండు. ఆ రెండూ పసుపు సారానికే. మూల కణాల (ఎముక మూలుగలో ఉండి రక్తకణాలన్నిటినీ పుట్టించే స్టెమ్ సెల్స్) మాటకు సున్నా.

డబ్బా వెనక వైపు ముందు చదవండి. ‘పసుపు పొడి 500 మి.గ్రా.’ అని ఉంటే కర్క్యుమిన్ (పసుపులోని ముఖ్యమైన పదార్థం) సుమారు 15 మి.గ్రా. మాత్రమే, ఎందుకంటే పసుపులో అది 3 శాతం దాకానే ఉంటుంది. ‘95 శాతం కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు), 500 మి.గ్రా.’ అని ఉంటే 475 మి.గ్రా. ధర పోల్చుకోవాల్సింది ఈ అంకెతోనే. క్యాప్సూల్ విప్పి నీళ్ళలో వేస్తే పొడి కరగదు. చిటికెడు సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్ళలా మారుతుంది. దాంతో పసుపు ఉందని తెలుస్తుంది గానీ ఎంత ఉందో తెలియదు.

ఆ కరగకపోవడమే అసలు చిక్కు. పేగు దాటి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అందుకే మిరియాల్లోని పిపెరిన్ 5 మి.గ్రా. కలుపుతారు. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మి.గ్రా. పిపెరిన్ జోడిస్తే మనుషుల్లో శోషణ 2000 శాతం పెరిగింది. అయితే పిపెరిన్ లేనప్పుడు రక్తంలో కనిపించిందే అత్యల్పం, అందుకే శాతం అంత పెద్దదైంది.

ఇక మూలుగ సంగతి. రక్త మూల కణాలు ఆక్సిజన్ తక్కువగా ఉండే చోట, ఎక్కువ కాలం నిద్రలో ఉంటాయి. ఆక్సీకరణ ఒత్తిడి (కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువులు పేరుకోవడం) పెరిగితే మేల్కొని, విభజన చెంది చెంది అలిసిపోతాయని 2004, 2006 ఎలుకల ప్రయోగాల్లో తేలింది. అక్కడ ఆ కణాలను కాపాడిన ఎన్-ఎసిటైల్ సిస్టీన్ (ఆ ఒత్తిడిని తగ్గించే మందు) మొక్కల నుంచి వచ్చింది కాదు. బ్లూబెర్రీ, గ్రీన్ టీ సారాలు మనిషి మూలుగ కణాల విభజన పెంచాయన్న 2006 ఫలితం ప్రయోగశాల పాత్రలోది. నిద్రలో ఉంచడం, విభజన పెంచడం ఒకే మేలు కావు. సంఖ్య పెరగడం కూడా మేలని చెప్పలేం: 2017లో విటమిన్ సి తగ్గించిన ఎలుకల్లో మూల కణాలు పెరిగాయి, ల్యుకేమియా (రక్త క్యాన్సర్) మార్పులున్న వాటిలో జబ్బూ త్వరపడింది.

‘సీబీసీలో (మామూలు రక్తకణాల లెక్క పరీక్షలో) కౌంట్ పెరిగింది’ అని కొన్నవాళ్ళు రాస్తుంటారు. సీబీసీ మూల కణాలను లెక్కించదు, దానికి సీడీ34 (మూల కణాలను గుర్తుపట్టే ప్రొటీన్) పరీక్ష కావాలి. తెల్లకణాలు చిన్న ఇన్‌ఫెక్షన్‌కే పెరుగుతాయి.

మూలుగ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వాడేవాళ్ళు వీటిని ముట్టుకోవద్దు. పిపెరిన్ వల్ల రక్తంలో మందు స్థాయి మారొచ్చు. మైలోమాకు (మూలుగలో వచ్చే ఒక క్యాన్సర్) బోర్టెజోమిబ్ మందు తీసుకునేవాళ్ళకు గ్రీన్ టీ సారం వద్దు, అందులోని ముఖ్య పదార్థం ఈజీసీజీ ఆ మందుకే అతుక్కుని పని చెడగొడుతుందని 2009 ప్రయోగాల్లో చూశారు. కర్క్యుమిన్ ఇనుమును పట్టేసుకుంటుంది కాబట్టి రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళూ డాక్టరును అడగాలి. ఈజీసీజీ ఎంతో విడిగా రాయని డబ్బా కొనకండి. రోజుకు 800 మి.గ్రా. నుంచి కాలేయ ఎంజైములు పెరగడం గమనించారు. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్ళు పచ్చబడినా ఆపేసి, డబ్బాతో సహా డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ‘పసుపే కదా’ అని చెప్పకుండా ఉండొద్దు.