నెల్లూరు జెట్ సిమ్యులేటర్: అంతా బాగుంది, ఆ హ్యాండిల్ తప్ప

మా తమ్ముడి కొడుకు పోరు పడలేక పోయిన ఆదివారం కావలి నుంచి నెల్లూరు పోయాం. మాగుంట లేఅవుట్‌లో ఒక గేమింగ్ సెంటర్, పేరు రాయను. పావుగంటకి 350 రూపాయలు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవయ్యేళ్లు చేశా, అందులో సగం ఎజెక్షన్ సీట్ల పనే, అంటే ప్రమాదంలో పైలట్‌ని విమానం నుంచి బయటికి విసిరేసే సీట్లు. రివ్యూలో చాదస్తం కనిపిస్తే సర్దుకోండి.

కుర్చీ గట్టిది, విమానాన్ని నడిపే స్టిక్ బిగువు బాగా కుదిరింది, ఏసీ పనిచేస్తోంది. వాడు కొండల మధ్య విమానాన్ని ఎడమకి బాగా వాల్చి తిప్పుతుంటే ముక్కు కిందకి జారింది. కంగారులో స్టిక్ వెనక్కి లాగేశాడు. రెక్కలు అంతలా వాలి ఉన్నప్పుడు లాగితే పైకి రాదు, మలుపు బిగుసుకుని ఇంకా దిగుతుంది. ముందు రెక్కలు సమం చేసి, తర్వాత లాగాలి. సిమ్యులేటర్ దీన్ని ఉన్నదున్నట్టు చూపించింది. మెచ్చుకోవాల్సిందే.

గొడవంతా ఎజెక్ట్ అవడానికి లాగే పసుపు, నలుపు చారల హ్యాండిల్ దగ్గర. దాన్ని లాగితే స్కోరు సున్నా. నేలకి గుద్దుకుంటే మాత్రం అప్పటిదాకా వచ్చిన పాయింట్లు ఉంటాయంట! "ఎజెక్ట్ అవబాకండి సార్, స్కోరు పోతాది" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి.

ఏందబ్బా ఈ లెక్క! గంటకి 900 కిలోమీటర్ల వేగంలో ముక్కు పది డిగ్రీలు కిందకుంటే సెకనుకి 43 మీటర్లు దిగిపోతాం. 150 మీటర్ల ఎత్తులో ఉంటే చేతిలో ఉండేది మూడున్నర సెకన్లు. సుఖోయ్-30లో ఉండే రష్యా కే-36, తేజస్‌లో ఉండే మార్టిన్ బేకర్, రెండూ 'జీరో-జీరో' సీట్లే, అంటే నేల మీద ఆగి ఉన్న విమానం నుంచి కూడా కాపాడతాయి. అయితే విమానం పడిపోతుంటే సీటు రాకెట్ ముందు ఆ పడే వేగాన్ని చంపాలి, ఆ తర్వాతే మనిషి పైకి లేచేది. పక్కకి వాలి ఉంటే పక్కకే విసురుతుంది. అందుకే ఎంత ఎత్తులోపు అదుపులోకి రాకపోతే హ్యాండిల్ లాగేయాలో పైలట్లు విమానం ఎక్కకముందే తేల్చుకుంటారు. వేగం మిగిలుంటే ముక్కు పైకెత్తి కొంత ఎత్తు సంపాదించి మరీ దూకుతారు. 'ఇంకొక్క సెకను చూద్దాం' అనుకున్న చోటే చాలామంది పోయారు.

2022 డిసెంబరులో కొరిశపాడు దగ్గర హైవే మీదే విమానాలు దిగడానికి కట్టిన రన్‌వే మీదకి సుఖోయ్ కిందకి వస్తుంటే చూడ్డానికి పోయా. చుట్టూ జనం సెల్‌ఫోన్లు ఎత్తారు. నేను రెక్కలు సమంగా ఉన్నాయా, లేదా అనే చూస్తున్నా. చక్రాలు ఆనించకుండా అది పైకెళ్లేదాకా ఊపిరాడలా.

రెండో పావుగంట నేనే కట్టా. "ఐదొందల అడుగుల్లోపు రెక్కలు సమం కాకపోతే హ్యాండిల్ లాగెయ్‌రా, స్కోరుతో మనకేం పని" అన్నా. "సున్నా వస్తుంది పెదనాన్నా" అంటూనే లాగాడు. సున్నానే వచ్చింది.

మూడు స్టార్లు. స్కోరు లెక్క మారిస్తే ఇంకొకటి ఇస్తా. ఆదివారం సాయంత్రం మాత్రం పోబాకండి, గంట నిలబెట్టారు.