కొత్తవాళ్ళకి హెల్ప్: విడి పేజీ మేలా, గడి కింద రాయడం మేలా?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు యాప్‌లు తయారుచేసే మనవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇది: యాప్‌లో ఫారం నింపే కొత్తవాళ్ళకి హెల్ప్ విడి పేజీలో రాయాలా, నింపే గడి కిందే రాయాలా?

విడి పేజీలో ఎంతయినా రాయొచ్చు, ప్రింటు తీసి చేతికివ్వొచ్చు. ఏ కాగితాలు దగ్గర పెట్టుకోవాలో, ఏది ముందు చెయ్యాలో చెప్పడానికి అదే బాగుంటుంది. చిక్కల్లా వెతకడంలోనే. కావలసినదాని పేరు తెలిస్తేనే సెర్చ్‌లో దొరుకుతుంది. కొత్తవాళ్ళకి తెలియనిదే ఆ పేరు. పైగా అదే ట్యాబ్‌లో తెరిస్తే, తిరిగి వచ్చేసరికి నింపినదంతా పోవచ్చు. కొత్త ట్యాబ్‌లో తెరిస్తే బ్యాక్ పనిచెయ్యదు, ఫారం ఎటు పోయిందో తెలీదు.

నా మొగ్గు గడి కింద రాసే హెల్ప్‌కే. ఆగిపోయిన చోటే జవాబు ఉండాలి. ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు శాఖను గుర్తించే కోడ్) గడి తీసుకోండి. మొత్తం 11 అక్షరాలు, మొదటి నాలుగూ బ్యాంకువి, అయిదోది ఎప్పుడూ సున్నా. పాస్‌బుక్ చూసి అక్కడ ఇంగ్లీషు ‘ఓ’ కొట్టేస్తారు. ‘చెల్లని కోడ్’ అని ఎర్రగా వస్తే ఏం దిద్దాలో ఎలా తెలుస్తుంది? ‘అయిదోది సున్నా, ఓ కాదు’ అని గడి కిందే రాయండి, తప్పు చూపేటప్పుడూ అదే వాక్యం చూపండి. ‘ఓ’ని ప్రోగ్రామే సున్నాగా మార్చుకుంటే మరీ మంచిది, అప్పుడు ఆ వాక్యమే అక్కర్లేదు.

ఈ వాక్యాన్ని గడి లోపల లేత రంగులో పెట్టకండి. మొదటి అక్షరం కొట్టగానే మాయమవుతుంది. మౌస్ ఆనిస్తే కనిపించేదీ వద్దు, ఫోన్‌లో మౌస్ ఉండదు. రెండు వరుసలు దాటితే మిగతాది విడి పేజీకి పంపండి.

వీడియో ఒకసారి చూపించడానికి సరే. స్క్రీన్ మారినప్పుడల్లా మళ్ళీ తియ్యాలి. చాట్‌బాట్ అయితే, తమ ప్రశ్నను మాటల్లో పెట్టగలిగినవాళ్ళకే పనికొస్తుంది. పిలవకుండా మధ్యలో దూరేది మాత్రం వద్దే వద్దు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో వచ్చిన పేపర్‌క్లిప్ బొమ్మ అలాగే చేసేది, ఆఫీస్ 2007 నాటికి దాన్ని తీసేశారు.

ఏది ఎంచుకున్నా భాష సంగతి మరవకండి. బెంగళూరు తెలుగు ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుతూ కన్నడమో ఇంగ్లీషో మాత్రమే చదవగలిగేవాళ్ళున్నారు. వాళ్ళ కోసం ప్రతి తెలుగు వాక్యం పక్కనా వినిపించే బటన్ పెట్టండి. బటన్ల పేర్లు అనువదించకండి. స్క్రీన్ మీద ఇంగ్లీషులో ‘సబ్మిట్’ అని ఉండి, హెల్ప్‌లో ‘సమర్పించు నొక్కండి’ అని రాస్తే, లేని బటన్ కోసం స్క్రీనంతా గాలిస్తారు. హెల్ప్‌లోనూ అవే ఇంగ్లీషు అక్షరాలు, అదే రంగు, వీలయితే ఆ బటన్ బొమ్మే వెయ్యండి.