పంజరం గుడ్డా, పెరటి గుడ్డా?

విజయవాడ కొట్లలో అమ్మే తెల్లగుడ్డు దాదాపుగా పంజరం కోడిదే. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఒక్కో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్ల చోటివ్వాలి. ఏ4 కాగితమే 624 ఉంటుంది. అంటే చట్టం పాటించినా ఆ కోడి రెక్క చాచలేదు, మట్టిలో పొర్లలేదు, గుడ్డు పెట్టడానికి చాటు వెతుక్కోలేదు. ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టే ఒంట్లో పెంకుకు సున్నం చాలకపోతే ఎముకల్లోంచి పోతుంది. కదలిక లేక ఆ ఎముకలు ఇంకా పెళుసవుతాయి. రెట్ట కిందికి జారిపోతుంది కాబట్టి నులిపురుగుల బెడద తక్కువ. ఆ మేలు ఒప్పుకోవాలి.

పెరటి నాటుకోడి పెట్టేది ఏడాదికి 60–80 గుడ్లే. ధర ఎక్కువ కావడానికి అదే కారణం. అలాగని ఊరికే వదిలేయడం దయ కాదు, కొక్కెర తెగులు (రాణిఖేత్ జబ్బు) వస్తే కోళ్ల మంద మొత్తం చచ్చిపోతుంది. దానికి పిల్లల మొదటి వారంలో లసోటా టీకా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా సూది తప్పవు. రాత్రికి ముంగిస దూరని గూడు, అయిదు పెట్టలకొక గుడ్ల బుట్ట, కింద 2–3 అంగుళాల వరిఊక. ఊక తడిస్తే అమోనియా ఘాటుకు కోళ్ల కళ్లు మండుతాయి, వెంటనే మార్చాలి.

మే ఎండల్లో తేడా తేలిపోతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. పెరటిది వేపచెట్టు కిందికి పోతుంది. పంజరంలోది కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఉన్నచోటే చచ్చిపోవచ్చు.

మా ఓటు పెరటి గుడ్డుకే. ఖర్చు బరువనిపిస్తే డజను బదులు ఆరు కొనండి.