రెడ్ రెడ్ వైన్: మూడు రికార్డుల్లో ఏది మేలు?

అమెరికన్ గాయకుడు నీల్ డైమండ్ రాసి 1967లో పాడిన ‘రెడ్ రెడ్ వైన్’ను 1969లో జమైకా గాయకుడు టోనీ ట్రైబ్ తమ దేశపు సంగీత రీతి అయిన రెగేలోకి తెచ్చాడు, అతని రికార్డు విని పెరిగిన బర్మింగ్‌హామ్ బృందం యూబీ40, 1983లో ‘లేబర్ ఆఫ్ లవ్’ ఆల్బమ్ కోసం దాన్ని మళ్లీ పాడింది. వీటిలో ఏది మేలో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే: ప్రేయసిని మరిచిపోలేక మద్యాన్ని వేడుకుంటున్న మనిషి బాధ ఎందులో నిలిచింది?

డైమండ్ నెమ్మదిగా పాడిన తీరులో ఆ బాధ సూటిగా తాకుతుంది. అయితే ఆయన బ్యాంగ్ రికార్డ్స్‌ను వదిలి వెళ్లాక, ఆ సంస్థ ఆయన ప్రమేయం లేకుండానే వెనుక బృందగానం చేర్చి 1968లో సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదల చేసింది. ఒంటరివాడి మొరకు తోడు గొంతులు చేర్చడం పాటకు చేసిన అన్యాయమే. అమెరికా పాటల చార్టులో అది 62వ స్థానం దాటలేదు.

ట్రైబ్ పాట హుషారుగా సాగుతుంది. దుఃఖం కంటే లయదే పైచేయి. బ్రిటన్‌లో 46వ స్థానంతోనే ఆగినా దాన్ని తీసిపారేయలేము, ఎందుకంటే యూబీ40 వారికి తెలిసిన పాట అదే. రికార్డు మీద ‘ఎన్. డైమండ్’ అని చూసి, నీగస్ డైమండ్ అనే జమైకన్ ఎవరో రాశాడనుకున్నామని వారే తర్వాత చెప్పారు. అలా అనుకోవడమే మంచిదైంది. అమెరికన్ పాటను రెగేగా మారుస్తున్నామన్న బెరుకు లేకుండా, తమదే అన్నంత చనువుతో పాడారు.

యూబీ40 వారు ఆ వేగాన్ని తగ్గించారు. తాళం దెబ్బల మధ్య తేలికగా పడే గిటార్ మీటులు, కింద నిదానంగా నడిచే బేస్ గిటార్, వాటిపై ఆలీ క్యాంప్‌బెల్ సన్నని గొంతు కలిసి, ఆడుతూనే కుమిలిపోయే మనిషిని కళ్లకు కడతాయి. బ్రిటన్‌లో ఇది మొదటి స్థానానికి చేరింది. అమెరికాలో మాత్రం 1984లో చిన్న సింగిల్ 34వ స్థానం వద్దే ఆగిపోగా, బృంద సభ్యుడు ఆస్ట్రో టోస్టింగ్‌తో కూడిన పూర్తి నిడివి పాట 1988లో అగ్రస్థానం అందుకుంది. టోస్టింగ్ అనే, లయ మీద మాటలల్లే ఆ జమైకన్ పద్ధతిలో ఆస్ట్రో ఘనుడే. కానీ అతను వైన్ ఇచ్చే హాయిని పొగుడుతుంటే, అంతవరకూ పేరుకున్న దిగులు చెదిరిపోతుంది.

అందుకే నా ఓటు టోస్టింగ్ లేని యూబీ40 చిన్న సింగిల్‌కే. డైమండ్ కూడా తర్వాత తన కచేరీల్లో ఈ పాటను యూబీ40 తరహాలోనే పాడారు.