సింథటిక్ పేపర్ పుస్తకానికి వైరోనా, పర్ఫెక్ట్ బైండింగా?

హోటల్ మెనూలు, మిషన్ మాన్యువల్స్ తడికి పాడవకూడదని పాలీప్రొపిలీన్ సింథటిక్ పేపర్ మీద వేస్తారు. చిక్కంతా బైండింగ్ దగ్గరే.

పర్ఫెక్ట్ బైండింగ్ అంటే పేజీల వెన్ను అంచుకి గమ్ పూసి అట్ట అతికించడం. దానికి మామూలు ఈవీఏ హాట్‌మెల్ట్ (వేడితో కరిగించి పూసే గమ్) వాడితే పేజీలు ఊడొస్తాయి. కాగితమైతే గమ్ పీచుల్లోకి ఇంకి పట్టుకుంటుంది. ఇక్కడ పీచే లేదు. పైగా ఆ గమ్ వేడి 160-180 డిగ్రీలు, అంచులు అలలు తిరిగే ప్రమాదం ఉంది. పీయూఆర్ (పాలీయురెథేన్) గమ్‌కి 110-130 చాలు. అది గాలిలో తేమతో గట్టిపడుతుంది కాబట్టి 24 గంటలు ఆగాకే పేజీ లాగి చూడాలి. నమూనా కట్టకుండా మొత్తం ఆర్డరు మొదలుపెట్టొద్దు.

వైరో అంటే అంచున వరుసగా రంధ్రాలు కొట్టి తీగ చుట్ట బిగించడం. దీనికి గమ్ గొడవే లేదు, పుస్తకం బల్లమీద పూర్తిగా పరుచుకుంటుంది. తడి చేతులతో తిప్పే పుస్తకానికి మా సలహా ఇదే. అయితే ఒక జాగ్రత్త: ఈ షీటు చేత్తో లాగితే ఓ పట్టాన చిరగదు గానీ, అంచున చిన్న గాటు పడితే చాలు, అక్కడినుంచి సర్రున చిరుగుతుంది. అందుకే చతురస్రపు రంధ్రాలకంటే గుండ్రటివి మేలు. మూలల్లో ఒత్తిడి పోగుపడదు. పంచ్ పిన్నులూ, కటింగ్ బ్లేడూ పదునుగా ఉండాలి. ఒక్కో దెబ్బకి మామూలు కాగితంలో సగం షీట్లే పెట్టండి. స్టాటిక్ (స్థిర విద్యుత్తు) వల్ల షీట్లు అతుక్కుంటాయి, ముందే విసనకర్రలా విప్పి విడదీయాలి.

వైరోలో వెన్ను ఉండదు కాబట్టి, వెన్నుమీద పేరు కావాలంటే మాత్రం పీయూఆర్‌తో పర్ఫెక్ట్ బైండింగే.