సెటిల్‌మెంట్ అయ్యాక హోమ్ లోన్: మాఫీ అయిన బాకీ కట్టి ఆగడం మేలా, ఎక్కువ వడ్డీకైనా ఇప్పుడే తీసుకోవడం మేలా?

క్రెడిట్ కార్డు బాకీయో, పర్సనల్ లోనో బ్యాంకుతో రాజీకొచ్చి, కొంత మాఫీ చేయించుకుని, ఒప్పుకున్న వాయిదాలన్నీ కట్టేసిన వాళ్లకు ఫ్లాట్ కొనే వేళ ఒక్క మాట అడ్డుపడుతుంది. క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా పక్కన ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని ఉంటుంది. మన లెక్కలో అప్పు తీరిపోయింది, బ్యాంకు లెక్కలో మాత్రం అది కొంత నష్టపోయిన ఖాతా. లోక్ అదాలత్‌లో రాజీ పడినా ఇంతే: అక్కడి అవార్డుతో కేసు ముగుస్తుంది గానీ రిపోర్టులో మాట మారదు. పైసా మాఫీ లేకుండా, గడువు పెంచుకుని మొత్తం కట్టినవాళ్ల పరిస్థితి వీళ్లకంటే చాలా నయం.

ఇక్కడి నుంచి దారులు మూడు. మాఫీ అయిన సొమ్ము కూడా కట్టేసి, ‘క్లోజ్డ్’ చేయించుకుని, ఏడాది ఆగి బ్యాంకుకు వెళ్లడం ఒకటి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో ఎక్కువ వడ్డీకి ఇప్పుడే తీసుకుని, తర్వాత బ్యాంకుకు మార్చుకోవడం రెండోది. భార్య లేదా భర్త పేరు మీద తీసుకోవడం మూడోది.

ముందు డబ్బు లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు 60 లక్షల ఫ్లాట్ అనుకోండి. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కు ఆర్‌బీఐ పరిమితి ఆస్తి విలువలో 80 శాతం, అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు, తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం చొప్పున మరో 4.5 లక్షలు చేతిలో ఉండాలి. ఆ 48 లక్షలకు 20 ఏళ్ల ఈఎంఐ బ్యాంకులో 8.5 శాతం వడ్డీ అనుకుంటే సుమారు 41,656 రూపాయలు, ఫైనాన్స్ కంపెనీలో 11 శాతం అనుకుంటే 49,545. తేడా నెలకు 7,889, ఏడాదికి దాదాపు 95 వేలు. 11 శాతం మీద రెండేళ్లు కడితే మన జేబులోంచి వెళ్లేది 11.89 లక్షలు, అసలు తగ్గేది 1.48 లక్షలు మాత్రమే.

ఇప్పుడు సెటిల్‌మెంట్ లెటర్ తీసి మాఫీ అయిన సొమ్ము ఎంతో చూడండి. అది లక్షలోపు ఉంటే నా మాట ఒక్కటే: కట్టేయండి. ఏడాదిలో పోయే వడ్డీ తేడాతోనే ఆ బాకీ తీరిపోతుంది. నాలుగైదు లక్షలు మాఫీ అయి ఉంటే మాత్రం ఆలోచించాలి. డౌన్ పేమెంట్ డబ్బంతా అందులో పోస్తే ఇల్లే కొనలేరు.

కట్టే పద్ధతిలోనే చాలామంది దెబ్బతింటారు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. నాలుగూ తీసుకోండి, ఎందుకంటే ఒకదాంట్లో సరిచేసింది ఇంకోదాంట్లో అలాగే ఉండొచ్చు. అప్పును ఏఆర్‌సీకి (మొండి బాకీలు కొనే కంపెనీకి) అమ్మేసి ఉంటే అదే బాకీ బ్యాంకు పేరుతో, ఏఆర్‌సీ పేరుతో రెండు చోట్ల కనిపించవచ్చు. అప్పుడు మాట్లాడాల్సింది ఏఆర్‌సీతో, నో డ్యూస్ (ఇక బాకీ లేదనే పత్రం) ఇవ్వాల్సిందీ వాళ్లే. మిగిలిన సొమ్ము తీసుకుని ‘క్లోజ్డ్’ అని పంపడం అప్పిచ్చినవాళ్ల ఇష్టం. అందుకే ఎంత కట్టాలి, కట్టాక రిపోర్టులో ఏమని రాస్తారు అనే రెండూ ముందే రాతలో తెప్పించుకోవాలి. డబ్బు లోన్ ఖాతాకే వెళ్లాలి. రికవరీ ఏజెంట్ చూపించిన యూపీఐకి వేస్తే ఆ సొమ్ము మీ ఖాతాలో పడిందని చూపించడానికి ఆధారం ఉండదు.

2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి బ్యూరోలకు సమాచారం పంపాలి. నెల దాటినా మాట మారకపోతే బ్యూరోలో డిస్ప్యూట్ (తప్పు సరిచేయమనే ఫిర్యాదు) వేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నిబంధన. ‘క్లోజ్డ్’ అయినంత మాత్రాన పాత బకాయి నెలల మచ్చ పోదు, సిబిల్ రిపోర్టులో 36 నెలల చెల్లింపుల చరిత్ర కనిపిస్తూనే ఉంటుంది. ఆగే ఏడాదిలో ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు ఒకటి తీసుకుని, లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడి, ప్రతి నెలా పూర్తిగా కట్టండి. లోన్ కోసం మాత్రం మీతో రాజీ పడిన బ్యాంకుకే వెళ్లకండి. 2023 జూన్ నాటి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం, వ్యవసాయ రుణాలు మినహా, వాళ్లు మళ్లీ అప్పివ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలి. సొంత పాలసీలో అంతకన్నా ఎక్కువ కాలం కూడా పెట్టుకోవచ్చు.

రెండో దారిలో ఊరట ఒకటుంది: వ్యక్తులు ఇంటి కోసం తీసుకున్న ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) లోన్‌కు ముందే తీర్చినందుకు పెనాల్టీ లేదు. ‘రెండేళ్లాగి బ్యాంకుకు మార్చేద్దాం సార్’ అని ఏజెంట్లు చెప్పేది దీని ఆధారంగానే. కానీ ఆస్తి కూడా బ్యాంకుకు నచ్చాలి కదా. ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాని ప్లాటు, జీ ప్లస్ 2 పర్మిషన్ మీద లేపిన అదనపు అంతస్తులోని ఫ్లాట్, ఓసీ (నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం) లేని బిల్డింగు లాంటి వాటికి కూడా కొన్ని ఫైనాన్స్ కంపెనీలు లోన్ ఇస్తాయి. రెండేళ్లకు మీ స్కోరు బాగుపడినా బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో ఫైల్ ఆగిపోతుంది, 11 శాతం మీ నెత్తినే ఉంటుంది. ఈ దారిలో వెళ్లేవాళ్లు బ్యాంకు ఒప్పుకునే ఆస్తే కొనాలి. మార్చుకునేటప్పుడు ప్రాసెసింగ్ ఫీజు, టైటిల్ డీడ్ల డిపాజిట్ ఖర్చు మళ్లీ పడతాయి. ఇంకో సంగతి, బ్యాంకుల కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు 2019 అక్టోబర్ నుంచి రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు) వంటి బయటి రేటుకు ముడిపడి ఉన్నాయి. ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు, రెపో తగ్గినా మీ వడ్డీ వెంటనే తగ్గకపోవచ్చు.

మూడో దారి, జీవిత భాగస్వామికి సొంత జీతం, శుభ్రమైన రిపోర్టు ఉంటే అన్నిటికన్నా చవక. అయితే రిజిస్ట్రేషన్ కూడా వాళ్ల ఒక్కరి పేరు మీదే జరగాలి. ఇద్దరి పేర్లూ పెడితే సహ యజమానిని లోన్‌లోనూ చేర్చమంటారు, మీ ‘సెటిల్డ్’ అక్కడ బయటపడుతుంది. వాళ్ల ఒక్క జీతానికి ఎంత లోన్ వస్తుందో అంతలోనే ఇల్లు చూసుకోవాలి.

ఏ దారైనా బయానా ఇచ్చే ముందు ఆగండి. లోన్ మంజూరు కాకపోతే బయానా పూర్తిగా వాపసు ఇస్తామన్న వాక్యం అగ్రిమెంటులో లేకపోతే, అమ్మేవాళ్లు గడువు దాటిందని ఆ సొమ్ము ఉంచేసుకుంటారు. సెటిల్‌మెంట్ సంగతి లోన్ ఆఫీసర్‌కు మొదటి రోజే చెప్పి, లెటరూ నో డ్యూసూ చేతికివ్వండి. ఒకేసారి ఆరు చోట్ల అప్లై చేస్తామనే ఏజెంట్‌ను వద్దనండి, ప్రతి దరఖాస్తూ రిపోర్టులో ఎంక్వైరీగా పడుతుంది.